మీ మాక్ డ్రిల్‌లో వాచ్‌మన్ లేడు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు ఒక రిటైర్డ్ హెడ్ నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్లకు,

నమస్కారం. పెద్ద ప్రమాదం జరిగి ఒకేసారి చాలామంది గాయపడి వస్తే ఏం చేయాలో సాధన చేసే మాక్ డ్రిల్ కొన్ని నెలల కిందట మీ ఆసుపత్రుల్లో ఒకదానిలో జరిగితే నన్నూ పిలిచారు. ఏ ఆసుపత్రో చెప్పను. మరో చోటికి వెళ్లినా ఇదే చూసేదాన్ని. ఉదయం పదకొండు గంటలకు మొదలు. పోర్టికోలో ఫ్లెక్సీ కట్టారు. నర్సింగ్ విద్యార్థినులు పదిహేను మంది నుదుళ్లకు, మోచేతులకు ఎర్ర సిరా పూసుకుని అంబులెన్సుల్లో కూర్చున్నారు. ఇద్దరు నవ్వు ఆపుకోలేక చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సైరన్ మోగింది. స్ట్రెచర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాటి మీద మడత విప్పని కొత్త దుప్పట్లు. నాలుగు రంగుల ట్యాగులు ట్రేలో సర్ది ఉన్నాయి. ఇరవై రెండు నిమిషాల్లో అందరినీ లోపలికి చేర్చారు. చప్పట్లు, సమోసా, టీ. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో.

డ్రిల్ సాగినంతసేపూ నా చూపు గేటు మీదే ఉంది. అక్కడి వాచ్‌మన్‌కు అప్పగించిన పని ఒక్కటే: ఆ అరగంట అసలు రోగులను పక్క గేటుకు పంపడం. వెళ్లేటప్పుడు అడిగాను, "లోపల ఏం జరిగింది బాబూ" అని. "ఏదో ప్రోగ్రాం అమ్మా" అన్నాడు.

ఆ జవాబు విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేశాను. అందులో పంతొమ్మిదేళ్లు క్యాజువాల్టీలోనే. ఇప్పుడు దాన్ని ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం అంటున్నారు, బోర్డు కూడా మార్చారు. ఆటోవాళ్లు ఇంకా క్యాజువాల్టీ అనే అంటారు. నాకూ అదే నోటికి వస్తుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పెళ్లి బృందం ఎక్కిన లారీ ఊరి బయట కల్వర్టు మీంచి పల్టీ కొట్టింది. ఒంటిగంటన్నర దాటింది. మాకు ఏ ఫోనూ రాలేదు, మొదటి ఆటో గేటులోకి వచ్చాకే తెలిసింది. క్యాజువాల్టీలో ఒక సి.ఎం.ఓ. (డ్యూటీ డాక్టరు), ఇద్దరు హౌస్ సర్జన్లు, సిస్టర్లం ఇద్దరం, మాకు సాయపడే ఒక ఎం.ఎన్.ఓ. (మగ సహాయకుడు), ఒక ఎఫ్.ఎన్.ఓ. (ఆడ సహాయకురాలు) ఉన్నాం. స్ట్రెచర్లు ఆరు, వాటిలో రెండింటికి చక్రాలు తిరగవు. పావుగంటలో ఇరవై మందికి పైగా వచ్చిపడ్డారు. ముందుగా వచ్చింది ఎవరంటే ఆటో ఎక్కగలిగినవాళ్లు, అరవగలిగినవాళ్లు. మణికట్టు విరిగినవాళ్లు, మోకాళ్లు చీరుకుపోయినవాళ్లు, పళ్లు ఊడినవాళ్లు. ఉన్న మంచాలన్నీ వాళ్లతోనే నిండిపోయాయి. లారీ కింద ఇరుక్కున్నవాళ్లను అరగంట తర్వాత ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చారు. అప్పటికి వాళ్లను దించడానికి నేల తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ గందరగోళంలో గేటు పక్క మెట్టు మీద పసుపు చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పదిహేడేళ్లుంటాయేమో. నడిచే వచ్చాడు. ఒంటి మీద రక్తం చుక్క లేదు. లోపల ఖాళీ లేదు, బాగానే ఉన్నావు కదా, కాసేపు కూర్చోమని వాచ్‌మన్ చెప్పాడట. మంచినీళ్లు కూడా ఇచ్చాడు. గంటన్నర తర్వాత నేను బయటికి వచ్చేసరికి కుర్రాడు గోడకు ఒరిగి ఉన్నాడు. ఒళ్లంతా చల్లటి చెమట, నాడి అందడం లేదు. ప్లీహం చిట్లి కడుపు నిండా రక్తం. థియేటర్ తలుపు దాకా తీసుకెళ్లగలిగాం.

వాచ్‌మన్‌కు మెమో ఇచ్చారు. నిర్ణయం తీసుకోవడానికి నువ్వెవరని విచారణలో అడిగారట. నిర్ణయం తీసుకోవలసినవారు ఎవరూ అక్కడ లేరు గనుకనే అతను తీసుకున్నాడు. ఆ రాత్రి మా ఆసుపత్రిలో ట్రయాజ్, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే పని, చేసిన మొదటి మనిషి అతను. ఆ పనికి ఒక పేరుందని కూడా అతనికి తెలియదు.

ట్రయాజ్ గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. ఈ ఉత్తరం బయటివారూ చదువుతారు కనుక రెండు మాటలు. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన లారే, ఎవరిని ముందు చూడాలో వారి హోదాను బట్టి కాక గాయం తీవ్రతను బట్టి తేల్చడం మొదలుపెట్టాడు. ఈ రోజు చాలా దేశాల్లో వాడే 'స్టార్ట్' పద్ధతిని 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఒక ఆసుపత్రి, ఆ ఊరి ఫైర్ సిబ్బంది కలిసి తయారుచేశారు. మన డ్రిల్స్‌లో దీన్ని ప్రొఫెసర్లు చేస్తుంటే నాకు నవ్వు వస్తుంది. అది పుట్టిందే డాక్టర్లు కానివారి కోసం. నడవగలిగితే ఆకుపచ్చ. ఊపిరి ఆడకపోతే తల వెనక్కి వంచి దారి తెరవాలి, అప్పటికీ ఆడకపోతే నలుపు, ఆడితే ఎరుపు. నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతే ఎరుపు. "చెయ్యి ఎత్తు" అంటే ఎత్తలేకపోతే ఎరుపు. మిగిలినవారు పసుపు. మనిషికి అర నిమిషం, మహా అయితే నిమిషం. పదో తరగతి చదివినవారు ఒక పూటలో నేర్చుకుంటారు. నేను ఎఫ్.ఎన్.ఓ.లకు నేర్పి చూశాను కనుక ధైర్యంగా చెబుతున్నాను.

దీనిలో ఒక బొక్క కూడా ఉంది, దాన్ని దాచను. పసుపు చొక్కా కుర్రాడు ఈ పద్ధతిలో ఆకుపచ్చే అవుతాడు. నడిచాడు కదా. అందుకే ఆకుపచ్చవారిని ఇళ్లకు పొమ్మనకూడదు, వరండాలో చెల్లాచెదురుగా వదలకూడదు. ఒకే చోట కూర్చోబెట్టి, ఒక సిస్టర్‌ను వారికే కేటాయించి, పావుగంటకోసారి నాడి, బి.పి. చూస్తూ ఉండాలి. రంగు ఒకసారి కట్టేస్తే అయిపోయే పని కాదు, మనిషితో పాటు రంగూ మారుతుంది. 2023 జూన్ 2న ఒడిశాలో బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగినప్పుడు మృతదేహాలను పక్కనే ఉన్న బడిలో ఉంచారు. కొడుకును వెతుక్కుంటూ బెంగాల్ నుంచి వచ్చిన ఒక తండ్రి ఆ శవాల మధ్య ఒక చెయ్యి కదలడం చూశాడు. అది తన కొడుకుదే. కుర్రాడు బతికాడు. నలుపు ట్యాగు కట్టిన మనిషి దగ్గరికి కూడా మరోసారి ఎవరో ఒకరు వెళ్లి చూడాలని చెప్పడానికి ఇంతకంటే పాఠ్యపుస్తకం అక్కరలేదు.

మీ దగ్గర ప్రణాళికలు లేవని నేను అనడం లేదు. సామూహిక క్షతగాత్రుల వైద్యంపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఆసుపత్రుల భద్రతపై 2016లో మరో పుస్తకం ఇచ్చింది. వాటిని చూసి మీరూ ఫైళ్లు తయారుచేశారు. స్పైరల్ బైండింగ్, రంగుల ఫ్లో చార్టు, ఛైర్‌పర్సన్‌గా మీరు, పద్నాలుగు విభాగాల అధిపతులు సభ్యులు. నేను చూసిన ఒక ఫైల్లో అత్యవసర ఫోను నంబర్లలో మొదటిది అప్పటికి రెండేళ్ల కిందటే రిటైరైన ఆర్.ఎం.ఓ. (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) గారిది. ఆయన ఫోను ఎత్తుతారు, పాపం, మంచి మనిషి. ఎత్తి ఏం చేస్తారు?

ప్రమాదాలకు ఆఫీసు వేళలు ఉండవు. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడింది తెల్లవారుజామున మూడు గంటల వేళ. ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. లాక్‌డౌన్ రోజులు. బయటికి పరుగెత్తినవారు దారుల్లోనే పడిపోయారు. కింగ్ జార్జి ఆసుపత్రికి వందల మంది చేరారు, పిల్లలను ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గుర్ని పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టిన ఫొటోలు మనందరం చూశాం. 12 మంది చనిపోయారు. ఆ ఉదయం కె.జి.హెచ్.లో పనిచేసిన సిస్టర్లకు, ఎం.ఎన్.ఓ.లకు నా దండం. కొవిడ్ భయం ఒక పక్క, తెలియని గ్యాసు మరో పక్క, అయినా చేతులు ఆపలేదు వాళ్లు.

గ్యాసు అనేసరికి గేటు ప్రాధాన్యం పదింతలవుతుంది. బాధితుడి బట్టల్లో, జుట్టులో అది మీ వార్డులోకి వస్తుంది. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలినప్పుడు సెయింట్ ల్యూక్స్ ఆసుపత్రికి ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది అంబులెన్సుల్లో రాలేదు. నడిచి వచ్చారు, టాక్సీల్లో వచ్చారు. ఆ ఆసుపత్రి అధిపతి డాక్టర్ హినోహారా యుద్ధకాలపు బాంబు దాడులను కళ్లారా చూసిన మనిషి. 1992లో కొత్త భవనం కట్టినప్పుడు నడవాల గోడల్లో, చివరికి ప్రార్థనా మందిరంలో కూడా ఆక్సిజన్ గొట్టాలు పెట్టించారు. డబ్బు తగలేస్తున్నాడని అప్పుడు ఎవరో ఒకరు గొణిగే ఉంటారు. మూడేళ్లకు ఆ గొట్టాలు అక్కరకొచ్చాయి. ఇంత ముందుచూపు ఉన్న చోట కూడా ఒకటి తప్పిపోయింది. బాధితుల బట్టలు మార్చకుండానే లోపలికి తెచ్చారు. వంద మందికి పైగా సిబ్బందికి కళ్లు మసకలు, తలనొప్పి పట్టుకున్నాయి. గాలి సరిగా ఆడని ఆ ప్రార్థనా మందిరంలో పనిచేసినవారే ఎక్కువగా బాధపడ్డారు.

మన దగ్గర ఫార్మా కంపెనీలు, రసాయన కర్మాగారాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకు తెలుసు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుళ్లు చూశాం. మీ ఆసుపత్రి చుట్టూ ముప్పై కిలోమీటర్లలో ఏ ట్యాంకులో ఏముందో, దానికి విరుగుడు ఉందో లేదో రాసిన ఒక కాగితం క్యాజువాల్టీ గోడకు అంటించి ఉందా? 1984 డిసెంబరు రాత్రి భోపాల్‌లోని హమీదియా ఆసుపత్రికి వేల మంది కళ్లు మండుతూ, ఊపిరి అందక వస్తుంటే, వచ్చింది ఏ గ్యాసో, ఏం చేయాలో డాక్టర్లకు చెప్పేవారు లేకపోయారు. నలభై ఏళ్లు దాటింది. ఆ కాగితం రాయడానికి బడ్జెట్ అక్కరలేదు.

గేటు బయట ఒక నీటి గొట్టం, తెర, సంచులు, మార్చుకోవడానికి బట్టలు ఉంటే చాలు. ఒంటి మీది విషంలో చాలా భాగం బట్టలు విప్పడంతోనే పోతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ మాట ఒక వాక్యంలో ఉంటుంది. మన గేటు దగ్గర అది వాక్యం కాదు. నలుగురి ముందు చీర విప్పమంటే ఏ ఆడమనిషి విప్పుతుంది? అందుకే తెర ముందు, నీళ్లు తర్వాత. తెర వెనక ఆడమనిషే ఉండాలి. ఒక బీరువాలో వంద నైటీలు, వంద లుంగీలు మడతపెట్టి ఉంచండి. వీటి గురించి మీ ఫైల్లో ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఆ ఫైలు రాసిన కమిటీలో ఒక్క ఎఫ్.ఎన్.ఓ. కూడా లేదు.

ఇక లెక్క. బాంబు పేలుళ్ల అనుభవంతో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఒక మోటు సూత్రం చెబుతుంది: మొదటి గంటలో ఆసుపత్రికి ఎంతమంది వస్తే, మొత్తం సుమారు దానికి రెండింతలు వస్తారని. అంటే మొదటి గంటలో గేటు దగ్గర తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు ఉండాలి. ఆ అంకె వస్తేనే ఎన్ని థియేటర్లు తెరవాలో, ఎవరెవరిని ఇంటి నుంచి పిలవాలో మీరు తేల్చగలరు. సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసినా చాలు.

మంచాల మాటకొస్తే, మీ ఆసుపత్రుల్లో మామూలు రోజునే ఖాళీ ఉండదు. కాబట్టి ఖాళీ చేయగలిగినవి ఏవో ముందే తెలిసి ఉండాలి. రేపు ఉదయం డిశ్చార్జి కావలసినవారు, ఎల్లుండి ఆపరేషన్‌కు ముందే వచ్చి చేరినవారు ప్రతి వార్డులోనూ నలుగురైదుగురు ఉంటారు. రోజూ సాయంత్రం రౌండ్ల తర్వాత వార్డు సిస్టర్ కేస్ షీట్ మీద ఒక చిన్న గుర్తు పెడితే, రాత్రి రెండింటికి ఎవర్ని కదిలించవచ్చో అడగకుండానే తెలుస్తుంది. నేను ఈ మాట ఒకసారి సమావేశంలో చెబితే "మంచి సూచన సిస్టర్" అన్నారు. మినిట్స్‌లో రాశారు కూడా. మినిట్స్ బాగానే ఉన్నాయి.

తాళాల గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. రక్తస్రావం ఆపడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ గాయమైన మూడు గంటల లోపల ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని ఇరవై వేల మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష తేల్చి పదిహేనేళ్లయింది. ఖరీదైన మందేమీ కాదు. పెళ్లి లారీ రాత్రి నాటికి మాకు దాని సంగతి తెలియదు. తర్వాత తెలిసింది, స్టాకూ వచ్చింది. కానీ రాత్రి ఎనిమిది దాటితే అది ఉండే స్టోరు తాళంచెవి ఫార్మసిస్టు జేబులో, ఫార్మసిస్టు ఇంట్లో. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి నేను ఆరు నెలలు కాగితాలు రాశాను. థియేటర్ కాంప్లెక్స్ వెనక తలుపు, జనరేటర్ గది, మార్చురీ, పాత ఓ.పి. హాలు... ఇవన్నీ తాళాలే. అవసరం పడిన రోజు తాళాలు పగలగొట్టడానికి ఒక గొడ్డలి ఉండేది మా దగ్గర. దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు.

రక్తం గురించి జనానికి ఒక అపోహ ఉంది, దాన్ని తొలగించాల్సింది మీరే. ఘోర ప్రమాదం జరగగానే టి.వి.లో పిలుపునిస్తారు, కుర్రాళ్లు వందల మంది వచ్చి వరస కడతారు. బహనాగా రైలు ప్రమాదం రాత్రి బాలాసోర్‌లో అలాగే వచ్చారు, చూస్తే గుండె నిండుతుంది. కానీ ఇప్పుడు తీసిన రక్తం ఇప్పుడే ఎక్కించలేం. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయ్యేసరికి గంటలు గడుస్తాయి. ఈ రాత్రి ప్రాణం కాపాడేది నిన్నటికే ఫ్రిజ్‌లో ఉన్న రక్తం. వచ్చినవారి పేర్లు, గ్రూపులు, ఫోను నంబర్లు రాసుకుని రేపు, ఎల్లుండి, వారం తర్వాత వంతులవారీగా రమ్మనండి. వారం పాటు ఆపరేషన్లు సాగుతూనే ఉంటాయి కదా. మరొక సంగతి, మనవాళ్లలో ఆర్‌హెచ్ నెగెటివ్ నూటికి ఐదారుగురికే ఉంటుంది. గ్రూపు తేలేలోపు మగవారికి ఓ పాజిటివ్ ఎక్కించవచ్చని రాతపూర్వకంగా ముందే ఆదేశం ఉంటే, ఆ రాత్రి హౌస్ సర్జన్ చేతులు వణకవు.

పేర్ల సంగతి. స్పృహ లేని మనిషికి పేరు ఉండదు. ఐదుగురు అలాంటివారు ఒకేసారి వస్తే ఒకరి రక్తనమూనా మీద మరొకరి చీటీ అంటుకోవడానికి క్షణం చాలు. నంబర్లు ముందే వేసిన సంచులు యాభై సిద్ధంగా ఉంచండి. ఒక్కో దానిలో అదే నంబరున్న చేతి పట్టీ, కేస్ షీటు, రక్తం గొట్టాలు, ఎక్స్-రే చీటీ, బట్టలకు ఒక కవరు. పేరు తెలిసేదాకా ఆ మనిషి 17 నంబరే. ఎం.ఎల్.సి. (పోలీసు కేసు కాగితం) రాయడం తర్వాత. ఏ లాంఛనం కోసమూ అత్యవసర వైద్యం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది, అయినా అవుట్‌పోస్టు కానిస్టేబుల్ రిజిస్టరు పట్టుకుని స్ట్రెచర్‌కు అడ్డం నిలబడటం నేను రిటైరయ్యే ఏడాది కూడా చూశాను.

గేటు అవతల నిలబడేది బంధువులు. గాయపడిన ఒక్కొక్కరికి పది మంది చొప్పున వస్తారు. వారిని లాఠీతో ఆపలేరు, ఆపకూడదు. వారికి కావలసింది ఒక్కటే, మావాడు ఇక్కడ ఉన్నాడా లేడా అన్నది. ఆ సంగతి చెప్పడానికి క్యాజువాల్టీకి దూరంగా, పాత ఓ.పి. హాలులోనో ధర్మశాలలోనో ఒక బల్ల, ఒక మైకు, గంటగంటకూ మార్చే జాబితా, మంచినీళ్లు, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గులు ఏర్పాటు చేయండి. ఆ బల్ల దగ్గర మంచిగా మాట్లాడగలిగే మనిషిని కూర్చోబెట్టండి. ప్రతి ఆసుపత్రిలోనూ అలాంటి సిస్టర్ ఒకరుంటారు, మీకు తెలియకపోతే ఆయాలను అడగండి. లేదంటే కొడుకు కోసం తల్లి ప్రతి స్ట్రెచర్ మీది దుప్పటీ ఎత్తి చూసుకుంటూ ఐ.సి.యు. దాకా వెళుతుంది. వెళ్లిన తల్లిని నేను చూశాను, ఆపలేకపోయాను.

చనిపోయినవారి విషయంలో తొందర మరీ ప్రమాదం. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది పోతే, ఎవరు ఎవరో డి.ఎన్.ఎ. పరీక్షలే చెప్పాల్సి వచ్చింది. బహనాగా ప్రమాదంలో ఎవరూ గుర్తించని చివరి 28 మృతదేహాలకు నాలుగు నెలల తర్వాత, అక్టోబరులో దహనం జరిగింది. అంతకాలం దాచగల చల్లటి గదులు మన మార్చురీల్లో ఎన్ని ఉన్నాయో మీరే లెక్క చూసుకోండి. మార్చురీలో పనిచేసేవారి పేర్లు కూడా ఎవరికీ తెలియవు మన దగ్గర.

ప్రముఖుల గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రిటైరైపోయాను కనుక రాస్తున్నాను. మంత్రిగారు పరామర్శకు రావడం తప్పు కాదు. ప్రమాదం జరిగిన మూడు గంటలకే, పదిహేను కార్లతో, అంబులెన్సులు వచ్చే గేటులోంచే రావడం తప్పు. ఆయన వస్తున్నారనగానే సూపరింటెండెంట్‌గా మీరు థియేటర్లను వదిలి పోర్టికోకు వెళ్లాలి, ఆర్.ఎం.ఓ. గారు జాబితా పట్టుకుని కలెక్టరేట్‌కు ఫోను చేయాలి, స్వల్ప గాయమా తీవ్ర గాయమా అని పరిహారం లెక్కల కోసం పది మంది పది సార్లు అడుగుతారు. ఎరుపు ట్యాగు ఉన్న మనిషి పక్కన కెమెరా లైటు వెలుగుతుంది. అలాంటి ఒక రాత్రి సర్జన్ ఒకరు కేక వేశారు, "నా వెలుతురు నాకివ్వండి, మీ వెలుతురు మీరు తీసుకెళ్లండి" అని. తర్వాత ఆయనకు బదిలీ అయింది. మీరు కేకలు వేయనక్కర లేదు. పరామర్శలు మర్నాడు, వెనక గేటు నుంచి, ఆకుపచ్చ వార్డులోనే అని ప్రణాళికలోనే రాసి, ఆ ప్రతిని ముందే కలెక్టర్‌కు, ఎస్.పి.కి పంపి సంతకం తీసుకోండి. ఎవరికీ మొహమాటం ఉండదు.

ఆసుపత్రే ఆపదలో పడే రోజు కూడా ఉంటుందని హైదరాబాద్‌వారికి చెప్పనక్కర లేదు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోతుంటే ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియాలో ఉంది. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి కామా ఆసుపత్రిలోకి ముష్కరులు చొరబడినప్పుడు అంజలి కుల్థే అనే సిస్టర్ వార్డు తలుపులు మూసి, ఇరవై మంది గర్భిణులను వంటసామాను గదిలోకి చేర్చి కాపాడారు. ఆమెను దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. ఆ రాత్రి ఆ ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరు కాపలాదారులు చనిపోయారన్నది ఎంతమందికి గుర్తుంది?

మళ్లీ గేటు దగ్గరికే వచ్చాను. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చి, పన్నెండు గంటల డ్యూటీ చేసి, జీతం మూడు నెలలకోసారి అందుకునే మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఏజెన్సీ మారితే మనిషీ మారతాడు, నేర్పింది అతనితోనే పోతుంది. అందుకే నేను అడిగేది ఒక శిక్షణా తరగతి కాదు. గేటులో ఇరవై నాలుగు గంటలూ శిక్షణ పొందిన ఒక సిస్టర్‌నో ఎఫ్.ఎన్.ఓ.నో నియమించి, వాచ్‌మన్‌ను ఆమెకు తోడుగా ఉంచండి. ప్రమాదం ప్రకటించే అధికారం ఆమెకు ఇవ్వండి. ఒకేసారి పది మంది వచ్చారని ఆమె చూస్తే, ఎవరి అనుమతీ అడగకుండా గంట మోగించాలి. రాత్రి రెండింటికి మిమ్మల్ని నిద్రలేపి, మీరు డి.ఎం.ఈ. (వైద్య విద్యా సంచాలకులు) గారిని అడిగి, ఆయన ఇంకెవరినో అడిగేలోపు ట్రాక్టర్ ట్రాలీ వచ్చేస్తుంది. పొరపాటున మోగిస్తే? మోగనివ్వండి. నలుగురు పీజీలు నిద్ర లేచి వచ్చి తిట్టుకుంటూ తిరిగి పడుకుంటారు. ఆ గంట మోగించినందుకు ఎవరికీ మెమో ఇవ్వబోమని మాత్రం మీ సంతకంతో ఒక సర్క్యులర్ కావాలి.

తర్వాత రోజుల గురించి ఒక చిన్న మాట. పెళ్లి లారీ రాత్రి తర్వాత నేను మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ డ్యూటీకి వచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. హౌస్ సర్జన్లలో ఒక అమ్మాయి వారం రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. అంత రాత్రి గడిచాక కనీసం అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి తప్పని కాకుండా ఏం జరిగిందని మాట్లాడుకోవాలి. వాచ్‌మన్‌ను కూడా ఆ గదిలోకి పిలవాలి. అతను ఆ మెట్టు వైపు చూడకుండా నడిచేవాడు, ఆ సంగతి నాకు తెలుసు.

ఇక డ్రిల్. ఫ్లెక్సీ వద్దు, సమోసా వద్దు, పదకొండు గంటలు వద్దు. రాత్రి మూడింటికి పెట్టండి, ఆదివారం పెట్టండి, పండగ మర్నాడు పెట్టండి. సగం మంది అంబులెన్సుల్లో కాక ఆటోల్లో, బైకుల మీద రావాలి. ఇద్దరు పేర్లు చెప్పకూడదు. ఒకరు ఏమీ కానట్టు నడిచి వచ్చి మెట్టు మీద కూర్చోవాలి.

ఆ చివరి వేషం నాకివ్వండి. మోకాళ్ల నొప్పులున్నాయి కానీ మెట్టు మీద కూర్చోగలను. మీలో ఎవరు ఒప్పుకున్నా మీ ఊరికి నా ఖర్చులతోనే వస్తాను. ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగుతాను. పసుపు చీర కట్టుకుంటాను. తేదీ మాత్రం మీకు ముందుగా చెప్పను.

ఇట్లు,
క్యాజువాల్టీ హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన ఒక సిస్టర్